నదిని దాటింది... నీటికి చిక్కింది!

కోల్‌కతా మెట్రో హుగ్లీ నది కింద నుంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. తీరా ఒక ఇరుకు వీధి కింద నీటికి దొరికిపోయింది. భూమి లోపల తవ్వే ప్రతిచోటా ఇదే కథ. అక్కడ మనిషికి అసలు ప్రత్యర్థి బండ కాదు, నీరు. దాన్ని తోడేస్తే ఒక ముప్పు, రానిస్తే ఇంకో ముప్పు. మరి ఇంజినీర్లు ఏం చేస్తారు?

2017 వేసవి. కోల్‌కతాలో ప్రేరణ, రచన అనే రెండు భారీ సొరంగ యంత్రాలు హుగ్లీ నది కిందకు దిగాయి. నదీగర్భంలో 520 మీటర్ల దూరం. పైన ఓడలు తిరిగే నది, చుట్టూ నీళ్లలో నానిన మెత్తటి మట్టి. ఎక్కడైనా చిన్న సందు దొరికినా నది మొత్తం లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఇంజినీర్లు ఊపిరి బిగబట్టి చూశారు. ఏమీ కాలేదు. ఒకదాని వెనక ఒకటి రెండు యంత్రాలూ క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరాయి. మనదేశంలో నది కింద నుంచి వెళ్లే తొలి మెట్రో సొరంగం అలా సిద్ధమైంది. 2024 మార్చి నుంచి రైళ్లు కూడా నడుస్తున్నాయి. ముప్పావు నిమిషంలో నది దాటేస్తాయి.

కష్టమంతా తీరినట్టే అనుకున్నారు. మిగిలింది ఎస్‌ప్లనేడ్ నుంచి సియాల్దా దాకా ఉన్న ముక్క. అక్కడ నది లేదు. పైన ఉన్నది బౌబజార్.

బౌబజార్ అంటే పాత కలకత్తా నడిబొడ్డు. బంగారు నగల దుకాణాలకు పేరు. వెనక సందుల్లో స్వర్ణకారుల పనిశాలలు, వాటి మీదే కాపురాలు. వందేళ్లు దాటిన ఇటుక ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు ఉంటాయి. 2019 ఆగస్టు 31, శనివారం. ఆ సందుల కింద చండి అనే యంత్రం సొరంగం తవ్వుతోంది. ఉన్నట్టుండి ఇసుక పొరలో దాగిన నీటి ఊట తగిలింది. నీళ్లు బురదతో కలిసి సొరంగంలోకి ఉరకడం మొదలైంది.

తెల్లారేసరికి దుర్గా పితురి లేన్, స్యాక్రా పారా లేన్లలో గోడలు బీటలు వారాయి. నేల కుంగింది. కట్టుబట్టలతో జనాన్ని బయటికి పంపించారు. తర్వాతి రోజుల్లో కొన్ని ఇళ్లు కళ్లముందే కూలాయి. కొన్నిటిని ప్రమాదకరమని అధికారులే కూల్చేశారు. వందలమంది హోటల్ గదుల్లో సర్దుకున్నారు. నగలు, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు లోపలే ఉండిపోతే, కొద్ది నిమిషాలపాటు లోపలికి వెళ్లి తెచ్చుకోవడానికి పోలీసు అనుమతి కోసం వరుసలో నిలబడ్డారు. దుర్గాపూజకు అప్పటికి నెల రోజులే ఉంది.

నది కింద జరగనిది వీధి కింద ఎందుకు జరిగింది?

మూరెడు తవ్వితే జానెడు పూడిక

ఈ ప్రశ్నకు జవాబు కోనసీమలోనో, కృష్ణా డెల్టాలోనో బావి తవ్వడం చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఇసుక నేలలో నీరు తగిలాక అసలు అవస్థ మొదలవుతుంది. నీళ్లు తోడేకొద్దీ అడుగు నుంచి ఇసుక పొంగుకొస్తుంది. మూరెడు తవ్వితే జానెడు పూడుతుంది. పట్టుబట్టి తోడుతూనే ఉంటే బావిలోకి వచ్చే ఇసుక ఎక్కడిది? చుట్టుపక్కల నేల కిందది. కాసేపటికి గట్టు కుంగుతుంది. అందుకే అనుభవమున్న పనివాళ్లు ముందు సిమెంటు ఒరలు దింపుతారు. ఒర లోపల కొంచెం కొంచెం తవ్వుతూ, ఒర దానంతటది కిందికి జారేలా చూస్తారు. చుట్టూ ఉన్న ఇసుకను ఒర ఆపుతుంది.

మెట్రో సొరంగం కూడా అడ్డంగా పడుకోబెట్టిన ఒరల బావే. ముందు యంత్రం తవ్వుకుంటూ పోతుంది. వెనకాలే కాంక్రీటు పలకలను చక్రంలా బిగించి ఒక్కో ఒర తయారుచేస్తారు. పలకల మధ్య రబ్బరు పట్టీలుంటాయి. ఒరకీ మట్టికీ మధ్య మిగిలే ఖాళీలో సిమెంటు గుజ్జు నింపుతారు.

నీటితో వచ్చే చిక్కు దాని ఒత్తిడి. పది మీటర్ల లోతుకు చదరపు మీటరుకు పది టన్నుల చొప్పున అది పెరుగుతూ పోతుంది. నీటిమట్టానికి ఇరవై మీటర్ల కింద, మన ఇంటి తలుపంత జాగా మీద పడే బరువు దాదాపు నలభై టన్నులు. అంత తోపుడుకి వేలెడు సందు దొరికినా చాలు. ఒట్టి నీరే వస్తే పంపు పెట్టి బయటికి పోయొచ్చు. అది ఇసుకను వెంటబెట్టుకొస్తేనే కొంప మునుగుతుంది. లోపలికి వచ్చిన ప్రతి తట్ట ఇసుకకూ పైన ఎక్కడో తట్టెడు ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ మెల్లగా పైకి పాకి ఎవరి పునాది కిందో తేలుతుంది.

అందుకే సొరంగాల్లో అనుభవజ్ఞులు నీరు ఎంత వస్తోందన్నదాని కంటే, ఏ రంగులో వస్తోందన్నది ముందు చూస్తారు. తేటగా వస్తే కొంత నింపాదిగా ఉండొచ్చు. మట్టిరంగు తిరిగిందంటే పరుగులే!

రెండు వందల ఏళ్ల కిందటి గోనెసంచులు

నది కింద సొరంగం తవ్వాలన్న సాహసం ప్రపంచంలో మొదట ఫలించింది లండన్‌లో. మార్క్ బ్రూనెల్ అనే ఇంజినీరు 1825లో థేమ్స్ నది కింద పని మొదలుపెట్టాడు. ఓడ చెక్కను తొలిచే పురుగు తల ముందు గట్టి పెంకును అడ్డుపెట్టుకుని ముందుకు పోవడం గమనించి, అదే పద్ధతిలో ఇనుప చట్రం చేయించాడు. అందులో 36 గదులు. గదికొక మనిషి నిలబడి తన ముందున్న మట్టిని కాస్త కాస్త తవ్వాలి. ఆలోచన అమోఘం. కానీ 1827 మేలో నది లోపలికి దూసుకొచ్చింది. నదిలో పడవల మీద నుంచి బంకమట్టి నింపిన సంచులు వదిలి కంత పూడ్చారు. 1828 జనవరిలో మళ్లీ వరద. ఆరుగురు చనిపోయారు. బ్రూనెల్ కొడుకు చావు తప్పి బయటపడ్డాడు. డబ్బుల్లేక ఏడేళ్లు పని ఆగింది. చివరికి 1843లో సొరంగం తెరుచుకుంది. ఇప్పటికీ అందులో రైళ్లు తిరుగుతున్నాయి.

ఇప్పటి యంత్రాల్లో ఉన్నదీ ఆ ఇనుప చట్రం కిటుకే, కాకపోతే బాగా తెలివిమీరింది. ముందున్న చక్రం మట్టిని గీరుతుంది. ఆ మట్టిని వెంటనే బయట పారేయరు. నురుగు కలిపి ముద్దలా చేసి, యంత్రం ముందు గదిలోనే బిగించి ఉంచుతారు. బయట నీరు, మట్టి కలిసి ఎంత బలంగా నెడుతున్నాయో లోపలి ముద్ద కూడా అంతే బలంగా నెట్టాలి. ఒక పెద్ద మరలాంటి గొట్టం ఆ ముద్దను కొద్దికొద్దిగా వెనక్కి తీస్తుంది. మర వేగం పెరిగితే ముందు ఒత్తిడి తగ్గి, తవ్వాల్సినదాని కన్నా ఎక్కువ మట్టి వచ్చేస్తుంది. వేగం మరీ తగ్గితే పైన రోడ్డు ఉబ్బుతుంది. అందుకే ఒక్కో ఒరకు ఎంత మట్టి రావాలో ముందే లెక్కగట్టి, వచ్చినదాన్ని తూకం వేస్తారు. లెక్క తప్పిందంటే ఎక్కడో గొయ్యి పడుతోందన్నమాట.

ఇక యంత్రం తోక భాగం. అది ఒర మీద నుంచి జారుతూ ముందుకు పోవాలి. జారాలంటే సందు ఉండాలి. సందు ఉంటే నీరు వస్తుంది. దానికి విరుగుడుగా అక్కడ ఉక్కు తీగల బ్రష్షులు వరుసలుగా బిగించి, మధ్యలో గ్రీజు దట్టిస్తారు. కోట్ల రూపాయల యంత్రానికి, పైన ఉన్న వందల కుటుంబాలకు కాపలా ఆ గ్రీజే! అది అయిపోకుండా, బ్రష్షులు అరిగిపోకుండా చూసుకోవడం ఎవరూ ఫొటోలు తీయని పని.

నీటికి నీరే అడ్డు

మళ్లీ బౌబజార్‌కు వద్దాం. ఊట ఆగలేదు. ఎంత తోడితే అంత బురద. అంటే తోడేకొద్దీ పైనున్న ఇళ్ల కింద నేలను తామే తవ్వి తీస్తున్నట్టు. అప్పుడు ఇంజినీర్లు చేసిన పని మొదట వింటే విడ్డూరంగా ఉంటుంది. సొరంగంలో అడ్డంగా గోడ కట్టి, యంత్రం ఉన్న భాగాన్ని తామే నీళ్లతో నింపేశారు. లోపలి నీరు బయటి నీటిని నెట్టింది. రెండువైపులా ఒత్తిడి సమానమైతే నీటికి కదలాల్సిన అవసరమే ఉండదు. కదలని నీరు ఇసుకను మోసుకురాదు. నేల కుంగడం నెమ్మదించింది.

చండి మాత్రం ఇక కదల్లేదు. దానికి జోడుగా రెండో సొరంగం తవ్వుతున్న యంత్రం పేరు ఉర్వి. అంటే భూమి. కలకత్తా హైకోర్టు పనులు ఆపించి, 2020 ఫిబ్రవరిలో మళ్లీ అనుమతిచ్చింది. ఉర్వి తన దారి ముగించుకుని, సియాల్దా వైపు నుంచి వెనక్కి తిరిగి చండి వదిలేసిన దూరాన్ని కూడా తనే తవ్వింది. 2021 మేలో అదీ పూర్తయింది.

అంతటితో నీరు వదల్లేదు. యంత్రాలను బయటికి తీయడానికి తవ్విన పెద్ద గోతిలో 2022 మే 11న అడుగు నుంచి నీరు ఊరింది. దుర్గా పితురి లేన్‌లో మళ్లీ బీటలు. అదే ఏడాది అక్టోబరు 14న, రెండు సొరంగాలనూ కలిపే అడ్డదారి పనుల్లో మళ్లీ ఊట. ఈసారి మదన్ దత్తా లేన్ జనం రోడ్డున పడ్డారు. ఇక్కడొక సంగతి గమనించాలి. మూడు ప్రమాదాల్లో యంత్రం మామూలుగా తవ్వుతుండగా జరిగింది మొదటిది ఒక్కటే. మిగతా రెండూ ఆ తర్వాతి పనుల్లోనివి. గొయ్యి అడుగు కాంక్రీటు, అడ్డదారి, అతుకు... చిన్నవిగా కనిపించే ఇలాంటి చోట్లే యంత్రం రక్షణ ఉండదు. మనుషులు నేరుగా మట్టి ముందు నిలబడి పనిచేయాలి. 2025 ఆగస్టు 22న ఆ మార్గంలో రైలు మొదలైంది. ఆనాటికి కూడా కూలిన ఇళ్ల స్థానంలో కొత్త ఇళ్లు రాలేదు.

నీటిని తోడకుండా, నీటిలోనే పనిచేయడం మరికొన్ని చోట్ల ముందు నుంచీ పథకంలోనే ఉంటుంది. బెర్లిన్‌లో రెండు మూడు మీటర్లు తవ్వితే నీరే. అక్కడి వీధుల్లో తల మీదుగా గులాబీ, నీలం రంగుల లావాటి గొట్టాలు పోతుంటాయి. కొత్తగా వెళ్లినవాళ్లు ఏదో కళాఖండం అనుకుంటారు. అవి కట్టడాల గోతుల్లోంచి తోడిన నీటిని నదికి, కాలువలకు చేర్చే గొట్టాలు! 1990ల్లో ఆ నగరం నడిబొడ్డున పోట్స్‌డామర్ ప్లాట్జ్‌ను కొత్తగా కట్టేటప్పుడు మాత్రం అంత పెద్ద గోతులకు నీరు తోడితే పక్కనున్న పార్కు చెట్లు ఎండిపోతాయని, పాత భవనాలు కుంగుతాయని భయపడ్డారు. చుట్టూ లోతుగా గోడలు దించి, లోపలి మట్టిని నీటితో ఉండగానే తవ్వారు. గోతులు చెరువుల్లా మారాయి. వాటిలోకి గజ ఈతగాళ్లు దిగి అడుగున పనిచేశారు. నీటి కిందే కాంక్రీటు పోశారు. అది గట్టిపడి, అడుగు మూసుకున్నాకే నీటిని తోడారు.

చెట్లు సరే, నీరు పోతే భవనం ఎందుకు కుంగుతుంది? నూతిలో ముంచిన బిందె నీటిలో ఉన్నంతసేపూ తేలిగ్గా ఉంటుంది, పైకి లాగాక బరువెక్కుతుంది. మట్టి రేణువులకూ అంతే. నీరు ఉన్నంతకాలం వాటి బరువు కొంత నీరే మోస్తుంది. నీరు తీసేస్తే ఆ భారమంతా అడుగు పొరల మీద పడుతుంది. బంకమట్టి అయితే తడిగుడ్డ పిండినట్టు నెలల తరబడి నొక్కుకుపోతూనే ఉంటుంది. పని పూర్తయి, కాంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్లాక బీటలు బయటపడితే అడిగేదెవరిని? అందుకే జాగ్రత్తపరులు ఒకవైపు తోడుతూ, గోతి బయట ఇంకో వరుస బోర్ల ద్వారా కొంత నీటిని తిరిగి నేలలోకి పంపుతారు. చుట్టుపక్కల సన్నటి గొట్టాలు దించి, రోజూ నీటిమట్టం కొలిచి రాసుకుంటారు.

ఆవులు కూలబడితే తెలిసింది

సందులు పూడ్చడానికి వాడే మందు కూడా మనుషుల మీదికి రావచ్చు. స్వీడన్‌లో హల్లాండ్‌సోస్ అనే కొండ కింద 8.7 కిలోమీటర్ల రైలు సొరంగం 1992లో మొదలుపెట్టారు. కొండ నిండా పగుళ్లు, పగుళ్ల నిండా నీళ్లు. సిమెంటు గుజ్జు ఆగలేదు. ఒక రసాయన జిగురు పగుళ్లలోకి ఎక్కించారు. అది సరిగ్గా గట్టిపడకముందే నీరు దాన్ని కడిగి వాగుల్లోకి మోసుకెళ్లింది. 1997 శరదృతువులో వాగులో చేపలు చచ్చి తేలాయి. ఆ నీరు తాగిన ఆవులు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి. పరీక్షిస్తే తేలింది ఎక్రిలమైడ్. నరాలను దెబ్బతీసే విషం. పనులు ఆగిపోయాయి. ఆ ప్రాంతం పాలు, కూరగాయలు కొనేవాళ్లు లేకపోయారు. తర్వాత యంత్రంతో తవ్వుతూ, బాగా నీరూరే ఒక మేరలో కొండలోని నీటినే గడ్డకట్టించి దాటారు. చుట్టూ గొట్టాలు గుచ్చి అతిశీతల ద్రవం పంపితే తడి మట్టి మంచుగోడ అవుతుంది. ఖర్చు ఎక్కువే గానీ విషం లేదు. సొరంగం తెరిచింది 2015 డిసెంబరులో. ఖర్చు మొదటి అంచనాకు దాదాపు పది రెట్లు!

నల్లమలలో...

మనవాళ్లకు ఈ విషయం 2025 ఫిబ్రవరి 22న గుండె పగిలేలా తెలిసొచ్చింది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన నల్గొండ పల్లెలకు కృష్ణా జలాలు తీసుకెళ్లడానికి తలపెట్టిన 44 కిలోమీటర్ల దారి. దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, చాలాకాలం ఆగిన పని మళ్లీ మొదలైన కొద్దిరోజులకే నీరు, బురద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. పైకప్పు కూలింది. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి పొట్టకూటి కోసం వచ్చిన ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. సైన్యం, సింగరేణి కార్మికులు, ఎలుకబొరియల్లా తవ్వే నిపుణులు, కేరళ నుంచి వచ్చిన పోలీసు జాగిలాలు... రెండు నెలలు వెతికారు. రెండు మృతదేహాలే దొరికాయి. ఊట ఆగని చోట వెతకడం కూడా ప్రాణాంతకమని ఏప్రిల్ చివర్లో గాలింపు నిలిపేశారు.

అక్కడ తవ్వకం కష్టమైందని ఎవరూ కాదనరు. నెత్తిన వందల మీటర్ల కొండ, దాని మీద పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా పై నుంచి దారి తవ్వే వీలు లేదు. ఇలాంటిచోట యంత్రం ముందు ఏముందో చెప్పేది ముందస్తు రంధ్రమే. యంత్రం ఆపి, దాని తల దగ్గర నుంచి ఇరవై ముప్పై మీటర్ల ముందుకు సన్నటి రంధ్రం వేస్తారు. పొడి రాయి వస్తే సరే. నీరు చిమ్మితే అక్కడికక్కడే సిమెంటు గుజ్జు ఎక్కించి, నేల బిగిశాకే కదులుతారు. దీనికి గంటల కొద్దీ సమయం పోతుంది. ప్రపంచమంతటా, గడువు తరుముకొస్తున్నప్పుడు మొట్టమొదట కోత పడేది ఈ గంటలకే. ప్రమాదం జరిగాక పోయే ఏళ్లు ఎవరి లెక్కలోనూ ముందు కనిపించవు మరి.

2025 నవంబరులో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సాయంతో నల్లమల మీద హెలికాప్టర్‌తో విద్యుదయస్కాంత సర్వే మొదలుపెట్టారు. హెలికాప్టర్ కింద వేలాడే పెద్ద వలయం నేలలోకి తరంగాలు పంపుతుంది. పగిలిన రాయి, నీరు నిండిన పొర ఉన్నచోట తిరిగొచ్చే సంకేతం మారుతుంది. మిగిలిన సొరంగాన్ని ఈసారి యంత్రంతో కాక, రంధ్రాలు వేసి పేలుస్తూ తవ్వాలని నిర్ణయించారు.

పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతుంటే

మెట్రోలూ కాలువలే అక్కర్లేదు. పక్క స్థలంలో రెండంతస్తుల సెల్లార్ తవ్వుతున్నా లెక్క ఇదే, కొలత చిన్నది. హైదరాబాద్‌లో కింద గట్టి రాయి ఉంది కదా అని ధీమా పడతాం. కానీ పై పొర మొరం. రాయిలోనూ నీరు పగుళ్లలోనే తిరుగుతుంది. గోతిలో రాత్రింబవళ్లు మోటారు నడిస్తే చుట్టుపక్కల బోర్లలో నీరు దిగుతుంది. విజయవాడ, రాజమండ్రి, భీమవరాల్లోలా నీరు పైపైనే ఉండే మెత్తటి నేలల్లో అయితే గోడలకూ గండమే.

తవ్వకం మొదలుకాక ముందే ఇంటి గోడలు, మెట్లు, ప్రహరీ ఫొటోలు తేదీతో సహా తీసి పెట్టుకోవడం మంచిది. పాత బీటలు ఏవో, కొత్తవి ఏవో తర్వాత వాదన ఉండదు. అనుమానమున్న బీట మీద అడ్డంగా సన్నటి గాజుముక్కను రెండు చివరలా సిమెంటుతో అతికిస్తే చాలు. బీట కదులుతుంటే గాజు పుటుక్కున విరుగుతుంది. ఇంజినీర్లు కూడా చాలాకాలంగా వాడుతున్న ఉపాయమే ఇది. తవ్వేవాళ్లను అడగాల్సినవి కూడా పెద్ద విషయాలేం కాదు. గోతి చుట్టూ అడ్డుగోడ ఎంత లోతు దించుతున్నారు? తోడిన నీరు ఎక్కడ వదులుతున్నారు? నీటిమట్టం ఎవరు కొలుస్తున్నారు?

ఇంకొకటి. మోటారు గొట్టం చివర ఒక గాజుసీసా పెట్టి నీళ్లు పట్టి, ఇంటి అరుగు మీద ఉంచండి. గంట తర్వాత అడుగున ఇసుక పేరుకుని ఉంటే ఆ పూటే మోటారు ఆపమని చెప్పి, ఇంజినీరును పిలిపించాలి. మర్నాటిదాకా ఆగొద్దు.